వసంతర్తువు – చేతిపని, చెరువుపని



చైత్రశుద్ధ పాడ్యమి మొదలుకొని శ్రీరామనవమి వరకు జరిగే ఈ వసంత నవరాత్రులలో ఏటేటా రామకథనే చెప్పుకుంటూ వచ్చాము. ఈ సంవత్సరం ధర్మకర్తలు నన్ను పిలిచి, "శాస్త్రిగారూ, మన పూర్వులు ఈ ఋతువులో ఏమేమి చేసేవారో ఒక్కరోజు చెప్పండి" అని కోరినారు. వారి మనసులో ఉన్నది పూజలు, వ్రతాలు కావచ్చు. నాకు మాత్రం ఆ మాట వినగానే మట్టిగంప జ్ఞాపకం వచ్చింది. కారణం తరువాత మనవి చేస్తాను.

మధుమాసము, మాధవమాసము అని వేదం పిలిచే చైత్ర వైశాఖాలు వసంతర్తువు. ఋతువులన్నింటికీ వసంతం ముఖమని తైత్తిరీయ బ్రాహ్మణం చెబుతున్నది. అగ్న్యాధానానికి, అనగా శ్రౌతాగ్నులను మొట్టమొదట ప్రతిష్ఠించుకోవటానికి, బ్రాహ్మణునికి విధించిన కాలం వసంతమే. క్షత్రియునికి గ్రీష్మం, వైశ్యునికి శరత్తు. ఇంతవరకు చాలామందికి తెలిసిన విషయమే. ఆ వరుసలోనే నాలుగవ మాట ఒకటి ఉన్నది. రథకారుడు వర్షర్తువులో ఆధానం చేయవలెనని. రథకారుడు అంటే బండ్లు, రథాలు చేసే వడ్రంగి. ఆ పదానికి రథం చేసే త్రైవర్ణికుడు అని అర్థమా, లేక ఆ పేరుతో ప్రసిద్ధమైన వేరొక కులంవాడా అని జైమిని మహర్షి పూర్వమీమాంస షష్ఠాధ్యాయంలో ఒక అధికరణమే నడిపించినాడు. అవయవార్థం కంటే రూఢ్యర్థం బలవత్తరమని అక్కడ తేల్చి, రథకారుడు త్రైవర్ణికులకు వెలుపలివాడే అయినప్పటికీ ప్రత్యేకవిధి ఉన్నందువల్ల ఆధానానికి అధికారి అని సిద్ధాంతం చేసినారు. మా గురువుగారు ఈ అధికరణం చెప్పిన రోజున పుస్తకం మూసి, పాఠశాల వాకిట్లో బండిచక్రానికి ఆకులు దిగగొడుతున్న వడ్రంగి వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నారు. ఏమీ అనలేదు.

చేతిపనికి వేదం ఇచ్చిన గౌరవానికి ఋభువుల కథ మరొక నిదర్శనం. సుధన్వుని కుమారులు ముగ్గురు; ఋభువు, విభ్వుడు, వాజుడు. పుట్టుకతో వారు దేవతలు కారు. అశ్వినీదేవతలకు రథం చేసిపెట్టినారు. త్వష్ట చేసిన ఒక్క సోమపాత్రను నాలుగు పాత్రలుగా మలిచినారు. ముసలివారైన తల్లిదండ్రులకు మళ్ళీ యౌవనం కలిగించినారు. ఈ పనితనం వల్లనే అమృతత్వం పొంది, తృతీయసవనంలో సోమభాగానికి అర్హులైనారు. తపస్సు చేసి దేవతలైనవారి కథలు మనకు అనేకం తెలుసు. బాడిస పట్టి దేవతలైనవారి కథ ఎందుకో పురాణాలు చెప్పేవారి నోట అంతగా వినిపించదు.

ఋగ్వేదం దశమ మండలంలో ఋత్విజులను పనికి పురికొల్పే ఒక సూక్తం ఉన్నది. అందులో ఋషి యజ్ఞకర్మను వర్ణించటానికి తీసుకున్న ఉపమానాలన్నీ పొలం నుంచి వచ్చినవే. నాగళ్ళు పూన్చటం, కాడి పరచటం, విత్తనం చల్లటం, బావికి తోలు వారులు బిగించి నీరు తోడటం. యజ్ఞంలోనూ ఇది ఉపమానంగా మిగిలిపోలేదు. అగ్నిచయనంలో చితి పేర్చటానికి ముందు ఆ నేలను నిజంగానే నాగలితో దున్నుతారు. ఆరు ఎద్దులను గాని, పన్నెండు ఎద్దులను గాని పూన్చమని తైత్తిరీయ సంహిత విధి. ఋతువులు ఆరు, మాసాలు పన్నెండు. ఆ మంత్రాలు నాకు పన్నెండో ఏట కంఠస్థమైనవి. నాగలి మేడి పట్టుకోవటం మాత్రం నాకు ఈనాటికీ రాదు. ఈ మాట గర్వంతో చెప్పటం లేదని గ్రహించగలరు.

ఇప్పుడు ఒక లెక్క మీ ముందు పెడతాను. వేదాధ్యయనానికి ధర్మశాస్త్రాలు ఒక సంవత్సరక్రమం ఏర్పరచినవి. శ్రావణంలో ఉపాకర్మ, పుష్యమాసంలో ఉత్సర్జనం. ఈ నడుమ నాలుగున్నర నెలలు గాని, ఐదు నెలలు గాని వేదం అవిచ్ఛిన్నంగా చదవాలి. ఉత్సర్జనం తరువాత శుక్లపక్షంలో వేదం, కృష్ణపక్షంలో వేదాంగాలు. అంటే ఎడతెగని గట్టి చదువు వానాకాలంలోను, శరత్తులోను సాగేది. మాఘం మొదలుకొని జ్యేష్ఠం దాకా చదువు కొంత సడలేది. పల్లెలో పొలంపనుల క్రమం కూడా చూడండి. పైరు ఇంటికి చేరి కళ్ళాలు ఖాళీ అయ్యేది మాఘ ఫాల్గుణాలలో. జ్యేష్ఠ పూర్ణిమకు ఏరువాక. ఈ నడుమ మూడు నాలుగు నెలలు నేల ఎండి, మనుషులు, ఎద్దులు తెరిపిన పడి ఉండే కాలం. రెండు క్రమాలూ ఒకేచోట సడలుతున్నవి. ఇది కాకతాళీయమని కొందరు పండితులు నాతో వాదించినారు. నేను ఒప్పుకోలేదు. అధ్యయనవిధి చేసినవారు పల్లెలలో బ్రతికినవారు. ఏ నెలలో ఎవరి చేతులు ఖాళీగా ఉంటవో వారికి తెలుసు.

మా పాఠశాలలో ఈ క్రమం నా బాల్యంలో, అంటే 1960ల వరకు, పూర్తిగా నిలిచి ఉండేది. చైత్ర వైశాఖాల అనధ్యయన దినాలలో, అష్టమి, చతుర్దశి, అమావాస్య, పూర్ణిమ, పాడ్యమి తిథులలో, మాకు చేతినిండా పని. మోదుగచెట్టు ఫాల్గుణంలో ఆకు లేకుండా ఎర్రగా పూస్తుంది. ఆ పూలు రాలి లేతాకు ముదిరే వేళకు అడవికి పోయి ఆకు కోసుకొని వచ్చి, దండలు గుచ్చి ఆరబెట్టి, సంవత్సరానికి సరిపడ విస్తళ్ళు కుట్టేవారం. ఆకు మరీ ఎండితే పగులుతుంది, పచ్చిగా ఉంటే బూజు పడుతుంది. సాయంకాలం నీళ్ళు చిలకరించి, మెత్తబడిన తరువాత ఈనెలతో కుట్టాలి. గురుపత్నిగారు ఒక్కొక్క విస్తరిని వెలుతురుకు ఎత్తి చూసి, చిల్లు కనబడితే విప్పించేవారు.

యజ్ఞపాత్రలు చెక్కటం పెద్దపిల్లల పని. జుహువు మోదుగతో, ఉపభృత్తు రావితో, ధ్రువ వికంకతంతో, స్రువం చండ్రతో చేయాలని శాస్త్రం. చండ్ర కొయ్య ఇనుముతో సమానం, ఉలి జారి వేలు తెగిన గుర్తు నా ఎడమచేతి మీద ఇంకా ఉన్నది. వడ్రంగి చేత చేయించవచ్చు కదా అని ఒకనాడు సణిగినాను. గురువుగారు నవ్వి, "ఒరే, కర్మ నడుమ జుహువు పగిలితే అంగడికి పోయి తెస్తావా?" అన్నారు. ఆ తరువాత ఆ వడ్రంగినే పిలిచి, ఉలి పట్టటం నాకు నేర్పమన్నారు. నాలుగు రోజులు నేను ఆయనకు శిష్యుణ్ణి. సొంపుగా చెక్కటం చివరికీ రాలేదు గాని, ఆయన కొయ్యను చేతిలో తిప్పి పొర ఎటు పోతున్నదో చూసే పద్ధతి నాకు పదపాఠం గుర్తుకు తెచ్చేది. మాటను ఎక్కడ విరవాలో తెలిసినవాడికి కొయ్య ఎక్కడ విరుగుతుందో తెలియటం కష్టం కాదనిపించేది.

ఇక పనికి, వినోదానికి నడుమ గీత గీయలేనివి కొన్ని. మా తాతగారు తాటాకులు సిద్ధం చేసేవారు. లేత ఆకులు కోయించి, ఈనె తీసి, పసుపు కలిపిన నీళ్ళలో ఉడికించి, నీడను ఆరబెట్టి, నున్నగా రుద్ది, సమానంగా కత్తిరించి, రంధ్రం చేసి తాడు ఎక్కించేవారు. గంటంతో గీసి, మసి రుద్దితే అక్షరం నల్లగా తేలుతుంది. అప్పటికే అచ్చుపుస్తకాలు ఇంటినిండా ఉన్నవి. తాటాకు అవసరం ఎవరికీ లేదు. అయినా వసంతం వస్తే ఆయన చెయ్యి ఊరుకునేది కాదు. మిగిలిన ముక్కలతో పిల్లలకు చిలుకలు, గిలకలు అల్లి ఇచ్చేవారు. ఊళ్ళో మరొకరు ఎండ తగ్గిన తరువాత చెక్కభజన నేర్పేవారు. రామనవమి పందిట్లో ఆడటానికి పది రోజులలో పిల్లలకు అడుగులు కుదరాలి. ఆ పందిరికి తాటాకులు మోసేదీ ఆ పిల్లలే.

రైతుల ఇండ్లలో పని ఇంతకంటె బరువైనది. నాగలికర్రు కమ్మరి కొలిమికి పోయేది. కాడిమాను, మేడి వడ్రంగి దగ్గరకు. కిత్తనార నానబెట్టి, దంచి, ఆరబెట్టి, పగ్గాలు, పలుపులు, కపిల మోకులు పేనేవారు. ముగ్గురు మనుషులు వీధి పొడుగునా నిలబడి మోకు పేనుతుంటే బండ్లు ఆగవలసిందే. కపిల తొండం కుట్టటానికి చర్మకారులు వచ్చేవారు. పెంటదిబ్బ తవ్వి ఎరువు పొలానికి తోలేవారు. కృషిపరాశరమనే ప్రాచీన గ్రంథంలో ఇది విధిగానే ఉన్నది. మాఘంలో పెంటదిబ్బను మొదట పూజించి, పారతో తవ్వి, ఎండబెట్టి పొడి చేసి, ఫాల్గుణంలో పొలంలో గుంతలు తీసి వేయమని. పెంటదిబ్బకు పూజ ఏమిటని నవ్వేవారు ఆ గ్రంథకర్త కంటె తెలివైనవారని నేను అనుకోను. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో సీతాధ్యక్షునికి, అంటే రాజుగారి సేద్యం చూసే అధికారికి, ఇదే హెచ్చరిక చేసినాడు. కమ్మరి, వడ్రంగి, తాళ్ళు పేనేవాడు, పాములు పట్టేవాడు, వీరెవరూ పనికి అడ్డు రాకుండా చూసుకోమన్నాడు. వారి లోపం వల్ల పంట పోతే, పోయిన పంట విలువే దండన. పాములు పట్టేవాణ్ణి కూడా మరువని శాస్త్రకారుణ్ణి చూస్తే, ఆయన గడ్డివాములో చెయ్యి పెట్టిన అనుభవం ఉన్నవాడే అనిపిస్తుంది.

ఇవన్నీ ఎవరి ఇంటి పని వారిది. ఊరంతా కలిసి చేయవలసిన వసంతకాలపు పని ఒకటి ఉండేది. అది చెరువుపని.

సప్తసంతానాలలో చెరువు ఒకటి అని మీరందరూ విన్నారు. కొడుకుతో సమానంగా చెరువును ఎంచిన దేశం మనది. 1213లో పాలంపేటలో రామప్ప దేవాలయం ప్రతిష్ఠించిన రేచర్ల రుద్రుని కాలంనాటి చెరువు నేటికీ నీరిస్తున్నది. అయితే చెరువును గురించి శాస్త్రీయంగా, పూసగుచ్చినట్లు చెప్పిన శాసనం మా కడప సీమలో ఉన్నది. పోరుమామిళ్ళలో భైరవాలయం ఎదుట రెండు రాతిపలకల మీద చెక్కించినది. శాలివాహన శకం 1291, సౌమ్యనామ సంవత్సరం, కార్తీకమాసం, క్రీస్తుశకం 1369. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని మరొక పేరు, ఆ చెరువును కట్టించినాడు. ప్రతిదినం వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలటానికి నూరు బండ్లు, రెండు సంవత్సరాలు పని జరిగినదని శాసనమే చెబుతున్నది.

మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను అందులో సంస్కృతంలో వరుసగా చెప్పినారు. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు, గట్టినేల, తియ్యని నీటి ఏరు, కట్ట రెండు కొసలకు కొండలు, పొడవైన రాళ్ళు దొరికే గని, సమతలమైన పంటభూములు ఇటువంటివి. పన్నెండవది పని తెలిసిన మనుషుల గుంపు. బ్రాహ్మణుని పేరు వరుసలో ముందు వచ్చినందుకు సంతోషించే మనవారు, ఆయన తెలిసి ఉండవలసినది జలశాస్త్రమని చదవకుండా దాటిపోతారు. నేనూ చాలాకాలం అట్లాగే దాటిపోయినవాణ్ణే.

తరువాత ఆరు దోషాలు చెప్పినారు. కట్టలో నీరు ఊరటం, చవిటినేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు నడుమ తాబేటి వీపువలె దిబ్బ తేలటం, నీరు తక్కువై పొలం ఎక్కువ కావటం, నీరు ఎక్కువై పొలం తక్కువ కావటం. వీటిలో మూడవదాని దగ్గర కొంచెం ఆగాలి. సరిహద్దున ఉన్న చెరువును ఎవరు బాగుచేయాలి? ఇద్దరివీ అయినది ఎవరిదీ కాదు. నాలుగవది కూడా కొంతవరకు మనుషుల చేతిలోనిదే. ఏటేటా ఒండ్రు తీయకపోతే చెరువు నడుమ దిబ్బ తానే లేస్తుంది.

అందుకే వసంతం. నీరు అడుగంటి చెరువు బీటలు వారినప్పుడే ఒండ్రు తీయగలం. తీసిన ఒండ్రు పొలానికి బలం. బండ్లు నింపుకొని పోయి చల్లుకునేవారు. కట్టకు కూలినచోట మట్టి, అలుగుకు రాయి, తూముకు చేవగల కొయ్య బిరడా, వంకలలో పెరిగిన కంపచెట్ల నరికివేత, అన్నీ ఏరువాక లోపల ముగియాలి. ఈ ఉమ్మడిపనికి రానివాణ్ణి గురించి కౌటిల్యుడు చెప్పిన మాట గట్టిది. కలిసి కట్టే సేతువు పని నుంచి తప్పుకున్నవాడు తన పనివాళ్ళను, ఎద్దులను పంపాలి, ఖర్చులో పాలు ఇవ్వాలి, ఫలంలో మాత్రం అతనికి పాలు లేదు.

మన సీమలో దీనికి దశబంధం అనే ఏర్పాటు ఉండేది. చెరువు కట్టించినవారికి, లేదా దానిని బాగుచేస్తూ ఉండేవారికి కొంత భూమి ఇనాముగా ఇచ్చేవారు. ఆ భూమి అనుభవించినంతకాలం చెరువు బాధ్యత ఆ ఇంటిది. కుంపిణీ పరిపాలనలో ఈ ఊరుమ్మడి పని సడలిపోగా, దాన్ని బలవంతంగా చేయించటానికి మద్రాసులో 1858లో ఒక చట్టమే చేసినారు. ఉగాదికి బావగారిని పిలిచినట్లు పిలిస్తే వచ్చే జనం, చట్టంతో పిలిస్తే రారు. 1956లో ఆంధ్రప్రాంతంలో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. దున్నేవాడికి మేలు చేయటానికి వచ్చిన చట్టం అది. దాన్ని నేను తప్పుపట్టను.

మా ఇంటి సంగతి చెబుతాను. మా ఊరి చెరువుకు మా పూర్వులు దశబంధదారులు. నాలుగెకరాల మాగాణి. ఇనాములు రద్దైన తరువాత ఆ భూమికి మా నాయనగారి పేర రైతువారీ పట్టా వచ్చింది. ఆయన మాత్రం, పట్టా వచ్చిందని పని పోలేదంటూ, బ్రతికినన్నాళ్ళూ ప్రతి ఫాల్గుణంలో రెండు బండ్లు కట్టించి పంపేవారు, కట్ట మీద గొడుగు పట్టుకొని నిలబడేవారు. ఆయన తరువాత మేము అన్నదమ్ములం ముగ్గురం. మొదటి సంవత్సరాలు కూలి డబ్బు పంపినాము. తరువాత అదీ మానినాము. అడిగితే, చెరువు ఇప్పుడు ప్రభుత్వానిది కదా అన్నాము. పంచాయతీవారిని అడిగితే అది తమది కాదన్నారు, మరొక శాఖవారు తమది కాదన్నారు. శాసనంలోని మూడవ దోషం మా ఊరికి ఏ రాజ్యపు సరిహద్దూ లేకుండానే వచ్చింది. భూమిని మాత్రం మేము పంచుకున్నాము. ఆ తరువాత అమ్ముకున్నాము.

నాకు నలభై ఏళ్ళు దాటిన తరువాత ఒక కార్తీకంలో రెండు రాత్రులు ఎడతెగకుండా వాన కురిసి కట్ట తెగింది. ప్రాణనష్టం లేదు. కట్ట కింది పొలాలన్నీ ఇసుకమేటలు వేసినవి. ఆ సమయంలో నేను వేరే ఊళ్ళో, దేవాలయంలో పారాయణ చేస్తున్నాను. కబురు అంది వెళ్ళేసరికి గండి దగ్గర మా ఊరి నీరుగంటి కూర్చొని ఉన్నాడు. నా ఈడువాడే. నన్ను చూసి లేచి, "సామీ, రెండేండ్ల కిందట ఎలుకబొక్క చూపిస్తి మీ అన్నగారికి. అప్పుడు ఒక గంప మట్టి చాలుండె" అన్నాడు. అంతకంటె ఒక్క మాట ఎక్కువ అనలేదు. నేను చేస్తున్న పారాయణలో ఆ వారమంతా నడిచినది జలదేవతల మంత్రాలు.

ఆ గండి చాలా ఏండ్లకు గాని పూడలేదు. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ అనే పేరుతో 46,000కు పైగా చెరువులను దశలవారీగా బాగుచేయాలని సంకల్పించి ఒండ్రు తీస్తున్నప్పుడు, రైతులు ఆ మట్టిని తమ పొలాలకు తోలుకుంటున్నారని పత్రికలో చదివి, నేను ఆ కాగితం కత్తిరించి దాచుకున్నాను. యంత్రాలతో అయినా, ప్రభుత్వ ధనంతో అయినా, ఒండ్రు పొలానికి చేరింది కదా అని సంతోషం. మా ఊళ్ళోను ఆ మరుసటి సంవత్సరాలలో కొందరు యువకులు చందాలు వేసుకొని వంకలు శుభ్రం చేసినారు. వారిలో ఆ నీరుగంటి మనుమడు ఒకడు. నేను పంపిన డబ్బు పుచ్చుకొని, "తాతగారూ, ఒకరోజు మీరే రండి" అని కబురు చేసినాడు. వెళ్ళినాను. డెబ్బయ్యో ఏట రెండు గంపల మట్టి మోసి, మూడో గంప ఎత్తలేక కట్ట మీద కూర్చున్నాను.

ఇక ఈ దేవాలయపు కోనేటి సంగతి. ఉత్తరపు మెట్లు నాలుగు ఒండ్రులో మునిగి ఉన్నవి. ఇప్పుడు నీరు మోకాలి లోతు కూడా లేదు. ధర్మకర్తలు అనుమతించినారు. నవమి కల్యాణం ముగిసిన మరునాడు, దశమి ఉదయం ఆరు గంటలకు పని మొదలవుతుంది. తీసిన మట్టి కావలసిన రైతులు బండ్లు గాని, ట్రాక్టర్లు గాని తెచ్చుకోవచ్చు. పారలు కార్యాలయంలో పన్నెండు ఉన్నవి. గంపలు చాలవు, ఇంట్లో ఉన్నవారు తీసుకొని రావలసినదిగా ప్రార్థన.